పెద్ద తూటా, చిన్న చిల్లు

1974 ఆగస్టు 14

గాలి పడమటి నుంచి. దూరం అరవై అంగలు. చిన్న తుపాకి. తప్పింది.

ఆగస్టు 15

గాలి లేదు. యాభై అంగలు. చిన్న తుపాకి. తప్పింది. ఈ తూటాలు పాతవై ఉంటాయి.

ఆగస్టు 17

నామ్‌హాయ్ వచ్చాడు. మా పశువుల సంఘంలో బ్రిగేడ్ నాయకుడయ్యాక ముందు వాడి పొట్ట వస్తుంది, తర్వాత మనిషొస్తాడు. వాడి వెనకాలే యొందోన్, మరో ఇద్దరు వేటగాళ్లు. నా భార్య హంద్మా అందరికీ ఉప్పు టీ పోసింది.

"సొద్నోమ్ మెర్గెన్, సంఘం కేంద్రం వాళ్లు మన బ్రిగేడ్‌కి కొత్త తుపాకి ఇస్తారట. ఒక్కటే. ఏ తూటా కొలత కావాలో మనల్నే రాసి పంపమన్నారు. ఈ లోయలో నీకంటే తెలిసినవాడెవడు?" అన్నాడు నామ్‌హాయ్.

మెర్గెన్ అంటే గురి తప్పనివాడు. నాకు ఆ పేరు పెట్టి ఇరవై రెండేళ్లయింది. ఇప్పుడు ఎవరైనా అలా పిలిస్తే వాడి మొహంలోకి చూస్తాను, నవ్వుతున్నాడేమోనని. నామ్‌హాయ్ నవ్వలేదు. వాడికింకా తెలియదు. తెలియడానికి ఏముంది గనక, నాలుగు రోజులు గాలి బాగాలేదు, అంతే.

నేను నోరు తెరిచేలోపే యొందోన్ అందుకున్నాడు. "పొడుగు తూటా అయిదు-ఆరు రాయిద్దాం బాబాయ్. వెడల్పు మన చిన్న తుపాకిదే, మందు మాత్రం ఎక్కువ. తార్వగకీ సరిపోతుంది, జింకకీ సరిపోతుంది. తోలు పాడవదు."

ముప్పై నాలుగేళ్లు వీడికి. వీడికి తుపాకి పట్టడం నేర్పింది నేను. అమ్మ పాలు పట్టినట్టు పట్టి నేర్పాను. ఇప్పుడు నాకు చెబుతున్నాడు.

"పెద్ద తూటా, ఏడు-అరవై రెండు రాయి" అన్నాను నామ్‌హాయ్‌తో.

"తార్వగకా?"

"తార్వగకి, జింకకి, తోడేలుకి. అన్నిటికీ ఒకటే. చిన్న తూటాని గాలి పక్కకి నెట్టేస్తుంది. దెబ్బ తగిలినా చావదు, రక్తం కార్చుకుంటూ బొరియలోకి పోతుంది. ఆ పాపం ఎవరికి?"

"ఏడు-అరవై రెండుతో తార్వగని కొడితే తోక మిగుల్తుంది బాబాయ్. తోకతో బోదోగ్ చేసుకుందామా?" అన్నాడు యొందోన్.

అందరూ పగలబడి నవ్వారు. టీ గిన్నె వెనక నుంచి హంద్మా కూడా నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది.

వాడన్నది తప్పని కాదు. నాకు తెలియదా? కుందేలు, బొరియల్లో బతికే తార్వగ, ఇలాంటి చిన్నవాటికి చిన్న తూటా. జింకకి పొడుగు అయిదు-ఆరు. పెద్దది తోడేలుకి, అంతకు మించినవాటికి. చంటిపిల్లాడికి చెప్పినా అర్థమవుతుంది. తార్వగ తోలే దాని వంటపాత్ర. మెడ దగ్గర్నుంచి మాంసం లాగి, కాల్చిన రాళ్లతో కలిపి తిరిగి అదే తోలులో కూరి మెడ బిగించి వండుతాం, అదే బోదోగ్. ఒంటి మీద ఎక్కడ చిల్లు పడినా రసమంతా నేలపాలు. అందుకే తల తప్ప ఇంకెక్కడా కొట్టకూడదు. ఇరవై రెండేళ్లు తల తప్ప ఇంకెక్కడా కొట్టలేదు నేను.

కానీ పెద్ద తూటాతో కొట్టినా తలే కొడతాను కదా. చెయ్యి మంచిదైతే కొలతదేముంది. నామ్‌హాయ్ ఏడు-అరవై రెండు అనే రాసుకుని పోయాడు.

నిన్న దెబ్బ తిన్నది ఒకటి బొరియలోకి పోయింది. ఆ సంగతి వాళ్లకి చెప్పలేదు. సాయంత్రం దాకా తవ్వాను.

ఆగస్టు 19

కారణం తెలిసింది. నిన్న హంద్మా పాల బిందె పట్టుకుని గుడారంలోకి వస్తూ నా తుపాకిని దాటింది, ఇంతకుముందు ఎన్నిసార్లు దాటిందో. ఆడది తుపాకిని దాటితే దాని గురి పోతుంది, మా తాత చెప్పేవాడు.

"దాటలేదు, చుట్టూ తిరిగి వచ్చాను" అంది.

"నా కళ్లతో చూశాను."

"నీ కళ్లతోనా?" అంది. ఆ మాటన్న తీరు నాకు నచ్చలేదు. ఎండు ఆకుల ధూపం వెయ్యమన్నాను. మారు మాట్లాడకుండా తుపాకి చుట్టూ మూడుసార్లు పొగ తిప్పింది. దగ్గొచ్చింది దానికి. రానీ.

ఆగస్టు 20

ధూపం వేసినా తప్పింది. నలభై అంగలు. నలభై!

ఈ ఏడు ఎండే బాగాలేదు. నీళ్లలో పాలు కలిపినట్టు తెల్లగా ఉంటోంది.

ఆగస్టు 25

కొత్త తుపాకి వచ్చింది. ఏడు-అరవై రెండు. నామ్‌హాయ్ అందరి ముందూ నా చేతిలో పెట్టాడు. బరువుగా, చల్లగా, నూనె వాసనతో ఉంది. మగవాడి తుపాకి. చిన్నదాన్ని గుడారం గోడకి తగిలించేశాను, పిల్లల ఆటబొమ్మ.

యొందోన్ దగ్గరికొచ్చి నిమిరి చూశాడు. "తోడేలు కనబడితే పిలు బాబాయ్" అన్నాడు.

ఆగస్టు 26

డెబ్బై అంగలు. తప్పింది. భుజం వాచింది. కొత్త తుపాకి కదా, చేతికి అలవాటు పడాలి.

ఆగస్టు 27

తప్పింది. తప్పింది.

రాత్రి అన్నం తినలేదు. హంద్మా ఏదో అడిగింది, గోడ వైపు తిరిగి పడుకున్నాను. నాలుగు రోజులుగా నేను మాట్లాడటం లేదట. మాట్లాడటానికి ఏముంది?

ఆగస్టు 28

తగిలింది!

ఇది పూర్తిగా రాయాలి. పొద్దున్నే బయల్దేరుతుంటే హంద్మా తన గుర్రానికి జీను కడుతోంది. ఎక్కడికే అంటే, "గుర్రాలు పట్టుకుంటాను. నిన్న నీ గుర్రం విడిపించుకుపోతే మధ్యాహ్నమంతా వెతికావు కదా" అంది. వద్దన్నాను. విన్నది ఎప్పుడు గనక. గడ్డకట్టే చలొస్తున్నట్టు పెద్ద కోటు తొడుక్కుని వచ్చింది.

ఎర్రమిట్ట దగ్గర బొరియ గట్టు మీద ఒక ముసలి తార్వగ, కొవ్వు పట్టి దొర్లేట్టుంది. హంద్మాని పక్క మిట్ట మీద గుర్రాల దగ్గర ఉంచాను. తెల్ల చొక్కా, చెవుల టోపీ వేసుకుని, చమరీ తోక ఊపుకుంటూ ముందుకెళ్లాను. రెండడుగులు ఇటు, ఒకడుగు అటు, కూర్చుని లేచి. మా నాన్న చెప్పేవాడు, తార్వగకి పరాయివాళ్ల పెళ్లిని చూసేంత ఆసక్తి అని. తెల్లగా ఏదో గెంతుతుంటే దానికి పారిపోవాలో, చూడాలో తేలదు. వెనక్కాళ్ల మీద లేచి నిలబడి కీచు కీచుమని అరుస్తుంది. అదిగో, చూడాలనుకోవడమే దాని చావు.

పడుకుని గురి పెట్టాను. కొంచెం మసగ్గా ఉంది, ఎండ. ఒకసారి ఒకటి, ఒకసారి రెండు కనిపించాయి. మధ్యలోకి కొట్టాను.

కొండంతా దద్దరిల్లింది. చప్పుడు వెంటనే ఇంకో చిన్న చప్పుడు, కొండ తిరిగి పలికింది. ఈ తుపాకికి కొండ కూడా బదులిస్తుంది! తార్వగ ఉన్నచోటే కూలింది. నేను లేచేలోపే హంద్మా పరుగెత్తుకెళ్లి దాన్ని సంచిలో వేసేసింది.

"ఎక్కడ తగిలింది?"

"తలకే" అంది. "నువ్వు కూర్చో, నేను చూసుకుంటాను."

చెప్పానా. కొలతే. అంతా కొలతలో ఉంది.

వస్తుంటే చాన్నాళ్లకి పాడాను. హంద్మా నా వైపు చూసి, "పేల్చేముందు ఎడమ కాలు గాల్లోకి లేపుతావు, తెలుసా?" అంది. నేనెప్పుడూ లేపను. "లేపుతావు. పెళ్లయిన కొత్తలో కూడా లేపేవాడివి. అలిగిన గుర్రం లాగా." ఇద్దరం నవ్వుకున్నాం.

ఆగస్టు 29

రెండు. రెండూ తలకే. కొండ పలికింది.

ఆగస్టు 31

మూడు.

సెప్టెంబరు 3

తోళ్లు తీసుకెళ్లే ఆయన ఈరోజు వచ్చి మా తోళ్లన్నీ వెలుతురులో పెట్టి చూశాడు. ఒక్కదానికీ చిల్లు లేదు. "ఏడు-అరవై రెండుతో ఇలా కొట్టినవాణ్ని నా ఉద్యోగంలో చూడలేదు" అన్నాడు. యొందోన్ అక్కడే ఉన్నాడు. వాడి మొహం చూడాలి! తోలు తిప్పి, మళ్లీ తిప్పి, "తలలేవి?" అని అడిగాడు.

"కుక్కలకి వేశాను" అంది హంద్మా.

నిజం చెప్పాలంటే ఇన్నేళ్లకి దానికి వేటగాడి పెళ్లాంలా ఉండటం తెలిసింది. పరుగెత్తుకెళ్లి తెస్తుంది, తోలు తీస్తుంది, నన్ను చెయ్యి పెట్టనివ్వదు. నువ్వు టీ తాగు అంటుంది. నేను టీ తాగుతాను.

పొడుగు అయిదు-ఆరు అన్నవాళ్లని ఇప్పుడు మాట్లాడమనండి.

సెప్టెంబరు 6

ఇంట్లో దొంగ పడ్డాడు.

చిన్న తుపాకి తూటాల పెట్టె దించాను, ఎవరికైనా ఇచ్చేద్దామని. తేలిగ్గా ఉంది. లెక్కపెడితే పధ్నాలుగు తక్కువ. నేను ఆ తుపాకి ముట్టి పన్నెండు రోజులైంది.

హంద్మాని అడిగాను. "మొదట్లోనే తక్కువ ఉన్నాయేమో" అంది, కుండలోకి చూస్తూ.

ఉన్నాయేమో అట! నా తూటాలు నాకు తెలియవా? యొందోన్ మేము వేటకెళ్లినప్పుడు రెండుసార్లు వచ్చాడు, పొరుగు గుడారం ముసల్ది చూసింది. టీ తాగి పోయాడట. ఎవరూ లేని ఇంట్లో టీ ఎవరు పోశారు? వాడి తుపాకీ చిన్నదే. వాడికిచ్చిన తూటాలు సరిపోక, నాకు పోటీగా తోళ్లు చూపించాలని.

"వాడలాంటివాడు కాదు" అంది హంద్మా.

"నీకేం తెలుసు?"

"వదిలేయ్. నాలుగు తూటాలు."

"పధ్నాలుగు!"

సెప్టెంబరు 8

నామ్‌హాయ్ గుడారంలో అందరి ముందూ చెప్పేశాను. యొందోన్ మొదట నేను వేళాకోళమాడుతున్నాననుకున్నాడు. పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు. తర్వాత నవ్వు ఆగిపోయింది.

"బాబాయ్, నా చేతికి తుపాకి ఇచ్చింది నువ్వు. నీ ఇంట్లో దొంగతనం చేస్తానా?"

"మరి ఎందుకొచ్చావు?"

"నీ కోసం. నీ కన్ను సంగతి మాట్లాడదామని."

"నా కన్నుకేమైంది?"

వాడు అందరి వైపూ చూశాడు, మళ్లీ నా వైపు చూశాడు. "ఏమీ లేదు బాబాయ్" అన్నాడు. అంతే, ఇంక నోరు మెదపలేదు. నామ్‌హాయ్ ఎంత అరిచినా అదే నేల చూపు. తప్పు చేసినవాడు కాకపోతే మాట్లాడడా? వాడి తుపాకి తీసుకుని నామ్‌హాయ్ తన పెట్టెలో పెట్టి తాళం వేశాడు. పేరు వేటగాళ్ల జాబితాలోంచి కొట్టేసి గడ్డికోతకి పంపాడు.

మంచిదే అయింది.

సెప్టెంబరు 9

మంచిదే అయింది. రెండు తార్వగలు.

సెప్టెంబరు 10

మంచిదే అయింది. హంద్మా సరిగ్గా నిద్రపోవడం లేదు. ఒంట్లో బాగాలేదా అంటే లేదంటుంది. అయినా గుర్రాలు పట్టుకోవడానికి మాత్రం తయారు.

సెప్టెంబరు 14

జిల్లా నుంచి పెద్దమనుషులు ముగ్గురొచ్చారు. నామ్‌హాయ్ హడావిడి చూడాలి. "మెర్గెన్ స్వయంగా కొట్టిన తార్వగ" అని పదిసార్లు చెప్పాడు. నిన్న మధ్యాహ్నం కొట్టి, హంద్మా సంచిలోంచి తియ్యకముందే వాడి మనుషులొచ్చి అలాగే పట్టుకుపోయారు.

బోదోగ్ చెయ్యడంలో ఈ లోయలో యొందోన్ తర్వాతే ఎవరైనా. గడ్డికోత నుంచి పిలిపించారు. వాడొచ్చాడు. ఎండకి మెడ వెనక తోలు ఊడిపోయి ఉంది. నా వైపు చూడలేదు. రాళ్లు కాల్చాడు, తల కోశాడు, మెడలోంచి మాంసం లాగాడు. పని చేస్తుంటే ఎవరైనా నిలబడి చూడాలనిపిస్తుంది, దొంగైనా సరే.

ఉన్నట్టుండి వాడి చేతులాగాయి. తల పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. లేచి నా దగ్గరికొచ్చి, "బాబాయ్, ఇలా రా" అన్నాడు. బండి చాటుకి తీసుకెళ్లాడు.

"దీన్ని ఏ తుపాకితో కొట్టావు?"

"ఏ తుపాకితో ఏమిటి? అందరికీ తెలుసుగా."

"చిటికెన వేలు పెట్టు."

చెవి కింద చిల్లు. పెట్టాను. గోరు కూడా దూరలేదు. రెండో వైపు తిప్పాడు. రెండో వైపు చిల్లే లేదు, తూటా లోపలే ఉండిపోయింది.

ఏడు-అరవై రెండు తగిలితే ఈ తల ఉండదు. తల ఉండదు, మెడ ఉండదు. ఆ సంగతి వాడికి నేర్పింది నేనే.

"నేను గడ్డి కోస్తున్నాను బాబాయ్. నా తుపాకి నామ్‌హాయ్ పెట్టెలో ఉంది. కాబట్టి ఇది నేను కాదు" అన్నాడు యొందోన్. నెమ్మదిగానే అన్నాడు. ఆ తలని నా చేతిలో పెట్టి రాళ్ల దగ్గరికి పోయాడు.

నేను పేల్చేప్పుడు మిట్ట మీద ఇంకెవరున్నారు? వెనక గుర్రాల దగ్గర ఉండేది ఒక్కతే.

తర్వాత అందరం కూర్చున్నాం. తోలు నున్నగా ఉబ్బింది, చుక్క కారలేదు. రసం గిన్నెలో వంచి మొదట నాకే ఇచ్చారు. పెద్దమనుషులు చప్పట్లు కొట్టారు. తాగాను. ఇంకేం చెయ్యను?

సెప్టెంబరు 15

"ఎన్ని?" అన్నాను.

"ఏవెన్ని?" పాలు కలుపుతోంది.

"నువ్వు కొట్టినవెన్ని?"

గరిటె ఆగింది. "అన్నీ" అంది.

అన్నీ. ఒక్కటైనా నాది ఉంటుందనుకున్నాను. సిగ్గులేకుండా అదే అడిగాను, ఎర్రమిట్ట ముసల్ది, మొదటిది, అదైనా నాదేనా అని.

"నీది దాని నెత్తి మీదుగా పోయి రాయికి తగిలింది. దుమ్ము లేచింది, చూడలేదా?"

చూడలేదు.

"నేనెప్పుడు పేలుస్తానో నీకెలా తెలిసేది?"

"నీ కాలు లేస్తుంది కదా" అంది. "ముప్పై ఒక్క ఏళ్లుగా చూస్తున్నాను. అది లేవగానే నేను నొక్కేదాన్ని. నీ తుపాకి మోతలో నాది ఎవరికీ వినబడదు."

కొండ పలుకుతోందని రాసుకున్నాను నేను. ఈ పుస్తకంలోనే ఉంది, పైన.

తుపాకి ఆ పెద్ద కోటు కింద దాచి తెచ్చేదట. ఎవరు నేర్పారంటే ఎవరూ నేర్పలేదంది. యుద్ధం ఏడాది మగవాళ్లంతా సరిహద్దుకి పోతే, తండ్రి మంచాన పడితే, పధ్నాలుగేళ్లది రెండు చలికాలాలు కుందేళ్లు కొట్టి తమ్ముళ్లని బతికించింది. "నీతో పెళ్లయిన రోజు నీ తుపాకి ముట్టొద్దన్నావు. ముట్టలేదు. నువ్వెప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు."

"మరిప్పుడెందుకు ముట్టావు?"

"నువ్వు గోడ వైపు తిరిగి పడుకున్నావు. అన్నం మానేశావు. చచ్చినవాడి పక్కన పడుకున్నట్టుండేది నాకు. నాలుగు తార్వగలు చస్తే నువ్వు లేస్తావేమో అనుకున్నాను. లేచావు. పాడావు కూడా."

అప్పుడు కోపం వచ్చింది నాకు. నా మీద రావాల్సింది, దాని మీద వచ్చింది. "యొందోన్‌ని గడ్డికోతకి తోలుతుంటే తెలిసీ నోరు మూసుకున్నావా?" అని అరిచాను.

"నోరు తెరిస్తే నీ కన్ను సంగతి చెప్పాలి. చెప్పమంటావా?" అని అదీ అరిచింది. పెళ్లయ్యాక అది అరవడం రెండోసారి. తర్వాత అంగీ చేతితో మొహం తుడుచుకుంది. "నాదీ తప్పే. ఆ పిల్లాడి మొహం కళ్ల ముందు కదుల్తోంది. ఇంక నా వల్ల కాదు సొద్నోమ్."

ఎడమ కన్ను మూసి ఈ పేజీ చూశాను. పాలు. అక్షరం ముక్క కనబడలేదు.

సెప్టెంబరు 16

ఎక్కడికీ వెళ్లలేదు.

సెప్టెంబరు 17

నామ్‌హాయ్ దగ్గరికెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. తూటాలు నా భార్య వాడింది, తార్వగలు తనే కొట్టింది, నా కుడి కన్ను పోయింది, యొందోన్ ఏ పాపం ఎరగడు అని. ఒక్కో మాట పైకి తేవడానికి పన్ను పీకించుకున్నంత పనైంది.

నామ్‌హాయ్ నా రెండు చేతులూ పట్టుకున్నాడు. వాడి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఎంత మంచి మనసయ్యా నీది" అన్నాడు.

"మనసు కాదు. నిజం."

"దొంగని కాపాడటానికి నీ పేరే పాడుచేసుకుంటున్నావు. పెళ్లాం కొట్టిందా! ఆ కట్టుకథకి నీ భార్య పేరు కూడా వాడుకున్నావు చూడు. మెర్గెన్ అంటే చెయ్యి ఒక్కటే కాదు, గుండె కూడా. ఈ సంగతి జిల్లా వాళ్లకి రాస్తాను ఆగు."

"రాయకు!" అన్నాను.

"అదిగో, అణకువ" అన్నాడు.

నా పేరు ఇంకా పెద్దదై కూర్చుంది. యొందోన్ ఇంకా గడ్డి కోస్తున్నాడు. ఇంతకన్నా నా మొహాన ఉమ్మేసినా బాగుండేది.

సెప్టెంబరు 19

నేనే రమ్మన్నాను అందరినీ. నామ్‌హాయ్‌ని, యొందోన్‌ని, మిగతా వేటగాళ్లని. గుడారం వెనక రాళ్ల మీద పిడకలు నిలబెట్టాను. ఎనభై అంగలు. ఏం చెయ్యాలో రాత్రంతా ఆలోచించాను, చెయ్యాల్సిందేమీ లేదు. కావాలని తప్పక్కర్లేదు. ఎప్పటిలా కొడితే చాలు.

పెద్ద తుపాకితో మొదటిది. దుమ్ము లేచిందని వాళ్లు చెబితే తెలిసింది.

"గాలి, మెర్గెన్. పడమటి గాలి" అన్నాడు నామ్‌హాయ్.

రెండోది.

"తూటాలు పాతవై ఉంటాయి."

చిన్న తుపాకి తీసుకున్నాను. మూడోది కూడా పోయింది.

"ఆ చిన్న తూటాలో బలం ఎక్కడుంది? నువ్వే చెప్పావుగా, గాలి నెట్టేస్తుందని."

అవన్నీ నా మాటలే. ఒక్కటీ వాడిది కాదు. ఆగస్టంతా వాడికి నేనే నూరిపోశాను, వాడు బుద్ధిగా నేర్చుకున్నాడు. యొందోన్ నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు, నేల చూపు చూస్తున్నాడు. నవ్వితే బాగుండేది. పళ్లన్నీ బయటపెట్టి, తోక గురించి ఏదో ఒకటి అని.

"హంద్మా" అని పిలిచాను.

గుడారం గుమ్మంలోంచి వచ్చింది. చేతులు తుడుచుకుంటూ వచ్చింది. పెద్ద తుపాకి గడ్డిలో దారికి అడ్డంగా పడి ఉంది. దాటలేదు. ఇంతమంది చూస్తున్నా, తొందరలో ఉన్నా, దాని చుట్టూ తిరిగి వచ్చింది. ఆగస్టులో దాని మొహాన పొగ పెట్టించాను నేను.

చిన్న తుపాకి అందుకుని పడుకుంది. ఒకటి. రెండు. మూడు. మూడు పిడకలూ పొడైపోయాయి. అది లేచి దుమ్ము దులుపుకుని, "పాలు పొంగుతాయి" అని లోపలికి పోయింది.

నామ్‌హాయ్ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. పెట్టె తాళంచెవి యొందోన్ చేతికిచ్చి, "వెళ్లి నీది తీసుకో" అన్నాడు. యొందోన్ కదల్లేదు. నేను వాడి ముందు నిలబడ్డాను. చెప్పాల్సిన మాట ఒకటుంది. ఇరవైసార్లు అనుకుని వెళ్లాను, నోరు పెగల్లేదు.

"కేంద్రానికెళ్లి కన్ను చూపించుకో బాబాయ్" అన్నాడు వాడు. బాబాయ్ అనే అన్నాడు. కానీ ఇంటికొచ్చి టీ తాగమంటే తాగలేదు.

పెద్ద తుపాకి ఎవరికీ అక్కర్లేదు. నామ్‌హాయ్ పట్టుకెళ్లి కొట్లో పెట్టాడు. కేంద్రం మళ్లీ తుపాకి ఎప్పుడిస్తుందో. పొడుగు అయిదు-ఆరు రాయించి ఉంటే ఈపాటికి యొందోన్ జింక కొట్టేవాడు, బ్రిగేడ్ తినేది. ఏడు-అరవై రెండు అన్నది నేను. పోయిన కన్ను చెప్పింది, నోరు పలికింది.

సెప్టెంబరు 20

నామ్‌హాయ్ జాబితా తెచ్చాడు. నా పేరు కొట్టేసి కింద "సొద్నోమ్ భార్య" అని రాశాడు. పేరు రాయమన్నాను. హంద్మా అని రాశాడు. నా పేరు మీద గీత వంకరగా పడింది, దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఏడుపొచ్చింది. ఏడ్చాను.

ఇంకెవరూ మెర్గెన్ అనరు. నామ్‌హాయ్ కూడా వెళ్తూ "వస్తాను సొద్నోమ్" అన్నాడు.

సెప్టెంబరు 22

తార్వగలు చలికాలపు నిద్రకి బొరియల్లోకి పోయే రోజులు. ఇదే ఆఖరు వేట.

గాలి ఉత్తరం నుంచి. దూరం డెబ్బై అంగలు. చిన్న తుపాకి. తగిలింది.

గుర్రాల్ని నేను పట్టుకున్నాను. మిట్ట మీద నుంచి హంద్మా కాళ్లే చూస్తూ నిలబడ్డాను. కాలు లేవలేదు. ఎప్పుడు పేలుస్తుందో పేలేదాకా నాకు తెలియలేదు.